పొరుగూరి తెనుగు

ఒకే భాష మాటాడు రెండు సీమలలో ఒక సీమవాడు రెండవ సీమకు పోయి కాపురముండునప్పుడు వానికి కలుగు అవస్థ, పరభాషాదేశమునకు పోయినవాని అవస్థకంటె చిత్రమైనది. పరభాషాదేశమునకు పోయినవాడు తనకా భాష రాదని తానెరుగును, ఎదుటివారును ఎరుగుదురు. వాడు తడబడుచు పలికిన నాలుగు ముక్కలకు నవ్వరు సరికదా, మెచ్చుకొందురు. స్వభాషవారి నడుమకు పోయినవానికి ఆ మన్నన లేదు. వాడు తనకన్నియు తెలియుననుకొనును. వినువారును వానికన్నియు తెలిసియుండవలెననుకొందురు. అందువలన మాట తేడా వచ్చినచో అది భాషాభేదముగా గాక మోటుదనముగనో, బుద్ధిమాంద్యముగనో లెక్కకు వచ్చును. ఈ సంగతిని మన సాహిత్యవిమర్శకులు తగినంత పట్టించుకొనలేదని మా అభిప్రాయము.

దీనికి లోకప్రసిద్ధమైన ఉదాహరణము ఇంగ్లండులో కాపురముండు అమెరికావాడు. వాడు మేడ మొదటి అంతస్తున ఇల్లున్నదనగా నేలమీది వాకిలి తట్టును. ఇంగ్లీషువాని లెక్కలో మొదటి అంతస్తు దానిపైది. పేవ్‌మెంటు అనిన ఇంగ్లీషువానికి బాటప్రక్కన మనుషులు నడచు గట్టు. అమెరికావానికి బండ్లు నడచు బాటయే. పాంట్సు కొనవలెనని లండను అంగడిలో అడిగినచో అంగడివాడు లోపల తొడుగుకొను చల్లాడములను చూపును. మావంటి బడిపంతుళ్ళకు వింతగా తోచునది మరియొకటి కలదు. పబ్లికు స్కూలు అనిన అమెరికాలో సర్కారుబడి, బీదవాని బిడ్డ చదువునది. ఇంగ్లండులో అదే పేరు పెక్కు రుసుము పుచ్చుకొని ధనికుల బిడ్డలకు చదువు చెప్పు ప్రాచీన విద్యాలయములకు చెల్లును. ఒక ప్రతిపాదనను బల్లమీద పెట్టుట యను మాటకు ఒకరికి ‘వెంటనే చర్చింపుడు’ అనియు, రెండవవారికి ‘ప్రస్తుతము అటుంచుడు’ అనియు అర్థము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఉభయదేశముల సేనాధికారుల కూటమిలో ఈ ఒక్క మాటపై దీర్ఘముగను తీవ్రముగను వాదము నడచినదనియు, తీరా చూడగా ఇరువురు కోరినదియు నొకటేయనియు చర్చిలు తన యుద్ధచరిత్రలో వ్రాసియున్నాడు.

1942లో అమెరికా యుద్ధశాఖవారు బ్రిటనుకు పోవు తమ సైనికులకై ఒక చిన్నపుస్తకమును అచ్చొత్తించి పంచిరి. ఆ దేశపు నాణెములు, తేనీటి అలవాటు, మాటల తేడాలు మున్నగునవి అందున్నవి. వానితోపాటు, ఆతిథ్యమిచ్చువారి ఉచ్చారణను ఎగతాళి చేయవలదనియు, వారి చెవికి మీ పలుకును అంతే వింతగ నుండుననియు హెచ్చరిక కలదు. యుద్ధము చేయబోవువానికి తుపాకితోపాటు ఈ బుద్ధిని గూడ ఇచ్చి పంపుట అవసరమని ఆ సర్కారు తలచినది.

అయినను ఈ కథలో మమ్ము ఎక్కువగ ఆకర్షించినవాడు సైనికుడు కాడు, నవలాకారుడైన హెన్రీ జేమ్సు. ఇతడు 1843లో న్యూయార్కున పుట్టి, 1876లో లండనుచేరి, 1915లో బ్రిటిషు పౌరసత్వము పొంది, మరుసటి యేట మరణించెను. స్వదేశమును విడిచినవాడు క్రొత్తచోట ఏమేమి పోగొట్టుకొనును, ఏమేమి నేర్చుకొనును అను విషయమును ఇతనికంటె సూక్ష్మముగ వ్రాసినవారు ఇంగ్లీషున అరుదు. అట్టివాడు అమెరికాకు తిరిగివచ్చి 1905లో బ్రిన్‌మార్ కళాశాలలో పట్టము పుచ్చుకొను బాలికల ముందు నిలిచి, మీ పలుకు సంస్కారహీనమైనదని మందలించెను. ముప్పదియేండ్లు పొరుగింట నివసించినవాడు పుట్టింటికి వచ్చి తల్లి మాటతీరును దిద్దబూనుట! ఆ ఉపన్యాసమును చదివినప్పుడు మాకు ఇంగ్లండు తోచలేదు. పట్టణమున ఉద్యోగము దొరకి పండుగకు ఇల్లుచేరి, ‘అట్లనకే అమ్మా, నలుగురు నవ్వుదురు’ అని గదమాయించు మన బిడ్డలు తోచిరి.

అమెరికావారు ఈ మందలింపులకు తలవంచి ఊరకుండలేదు. 1828లోనే నోవా వెబ్‌స్టరు తన దేశపు వాడుకకు గొప్ప నిఘంటువును సమకూర్చి, వర్ణక్రమమును గూడ కొంత మార్చివేసెను. 1919లో మెంకెను అమెరికనుభాష యను పేరనే ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. ఆ తరువాత లండనులో అమెరికావానిని ఎవరైన నవ్వినను వానికి గాయము తగులదు. వాని వెనుక నిఘంటువున్నది, పత్రికలున్నవి, ధనమున్నది. అచ్చట నవ్వు సమానుల నడుమ పరిహాసము. మన తెనుగున నవ్వు అట్టిది కాదు. మేమీ వ్యాసమున చెప్పదలచినది ఈ భేదమునుగూర్చియే.

మా విస్సన్నపేట 2022 వరకు కృష్ణాజిల్లాలోనిది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. తిరువూరు సీమకు ఉత్తరమున ఖమ్మము జిల్లా. సత్తుపల్లికి పోయినవాడు పని చూచుకొని పొద్దుగూకకముందే ఇల్లుచేరవచ్చును. 1948 వరకు ఆ వైపు నైజాముది, 1947 వరకు ఈ వైపు ఇంగ్లీషువారి చెన్నపట్టణపు రాజధానిది. 1956లో ఆ గీత చెరిగినది. 2014లో మరల గీయబడినది. గీత గీచినంతమాత్రమున భాష అచ్చట తెగిపోదు. మధిర, సత్తుపల్లి ప్రాంతముల మాట మా మాటకు మిక్కిలి దగ్గర. ఓరుగల్లు దిక్కుగా పోనుపోను ఒక్కొక్క పలుకే మారుచు, ఎచ్చట మారినదో చెప్పరాకుండ మారిపోవును. ఒక వృద్ధుని వెండ్రుకలు ఏనాడు నెరసినవో ఎవరు చెప్పగలరు?

అట్లు ఓరుగల్లు వైపు పోయి కాపురము పెట్టిన మా కోస్తావాని అవస్థ లండనులోని అమెరికావాని అవస్థయే. ఉల్లిపాయలడిగిన ఉల్లిగడ్డలనియు, బంగాళాదుంపలడిగిన ఆలుగడ్డలనియు, వేరుసెనగకాయలడిగిన పల్లీలనియు అంగడివాడు దిద్దును. ఇవి తెలియనివైనందున త్వరలోనే తెలియును. చిక్కు తెలిసినట్లున్న మాటలతో వచ్చును. మాకు కంద యనిన పులుసులోను, ఆవపెట్టిన కూరలోను వేయునది. వారి కందగడ్డ శివరాత్రినాడు ఉడుకబెట్టి తిను తీయదుంప, మా చిలగడదుంప. మేము అంగడి యనిన సరకులమ్ము కొట్టు; వారికి అంగడి వారమునకొకమారు కూడు సంత. మాకు బువ్వ చంటిబిడ్డల మాట. వారు నెరసిన గడ్డములవారిని గూడ బువ్వ తింటివా యని అడుగుదురు, ఆ అడుగుటలో ఎంతయో ఆదరమున్నది. తొక్కు వేసుకొమ్మని విస్తరివద్ద బలవంతపెట్టినప్పుడు మా బంధువొకడు దిక్కులు చూచెనట; అది పచ్చడియని తెలిసిన పిమ్మట ఆ యింట రెండుమారులు అడిగి వేయించుకొనెను. బిడ్డ యనిన మాకు ఆడైనను మగైనను పసికూన. వారికి ఒక కొడుకు, ఒక బిడ్డ యనినచో బిడ్డ యనునది కుమార్తె.

ఇంతవరకును నవ్వులాటయే. ఇక నవ్వులాట కానిది చెప్పవలెను. అందు తప్పు మాది కావున దాచుట న్యాయము కాదు.

కొన్నేండ్ల క్రిందట మా తరగతిలో ఓరుగల్లు వైపునుండి వచ్చిన పిల్లవాడొకడు చేరెను. ఒకనాడు వాని తండ్రి బడికి రావలసియుండి రాలేదు. ‘మీ నాన్న రాలేదేమిరా’ అని అడిగితిమి. వాడు లేచి, ‘పోయిండు సార్’ అనెను. తరగతియంతయు నిశ్శబ్దమయ్యెను. మాకు నోట మాటరాలేదు. దగ్గరకు పిలిచి వీపుపై చేయివైచి, ‘ఎప్పుడురా’ అని మెల్లగ అడిగితిమి. ‘పొద్దుగాలనే పోయిండు సార్, మల్ల మాపటికొస్తడు’ అని వాడు మా ముఖమువంక విస్మయముతో చూచెను. ఒక్కసారిగ పిల్లలందరు పకపక నవ్విరి. మేమును నవ్వితిమి. ఆ పిమ్మట, ‘పోయిండు అనగూడదురా, వెళ్ళాడు అనవలెను’ అని బోధించి, రెండుమారులు వానిచేత అనిపించితిమి. బోధించితిమని తృప్తియు పడితిమి.

ఆ యేడు మిగిలిన నెలలలో ఆ పిల్లవాడు తానై నోరు విప్పుట మేమెరుగము. అడిగినప్పుడు పుస్తకములో ఉన్న వాక్యమును ఉన్నట్లు అప్పజెప్పును. లేనిచో తల ఊపును. లెక్కలలో మొదటివాడుగనుండిన పిల్లవాడు. వాడు మాట నేర్చుకొనుచున్నాడని మేమనుకొంటిమి గాని, మానివేయుచున్నాడని గ్రహింపలేదు.

వాని మాటలో తప్పేమున్నది? పోవుధాతువును నన్నయ తిక్కనలు రాజులకును ఋషులకును నిస్సంకోచముగ వాడిరి. పోయెను అనిన మరణించెనని అర్థము చేసికొని, ప్రయాణమునకు మాత్రము వెళ్ళుట యను మాటను ప్రత్యేకించుకొన్నది మా మండలపు మర్యాద. మంచిదే, కాని అది మా మర్యాద. ఎట్ల అనునది ‘ఎట్లు’కు ఎంత దగ్గర, మా ‘ఎలా’ ఎంత దూరము! తోడికోడలిని ఓరుగల్లు ఆడువారు యారాలందురు. ఏరాలు అను మాట నిఘంటువులలో కలదు. మా పండితులు దానిని నిఘంటువు తెరచి నేర్చుకొందురు, ఆ యిల్లాండ్రు బావివద్ద నేర్చుకొందురు. ఈ దృష్టితో చూచినచో మందలింపవలసినవారెవరో, తలవంచవలసినవారెవరో తారుమారగును.

తురకమాటల గోల మరియొకటి. ఆ మాట వారి తెనుగు ఉర్దూమిశ్రమమని మావారి ఆక్షేపణ. దస్తీ యనగానే నవ్వువాడు తాను దానిని జేబురుమాలు అనును. జేబు ఎచ్చటిది, రుమాలు ఎచ్చటిది? జిల్లా, తాలూకా, దస్తావేజు, వకీలు, జవాబు, ఖర్చు, బజారు, కబురు — వీనిలో మా తాతలు గోదావరినీట కడిగి శుద్ధిచేసినదొక్కటియు లేదు. బ్రౌను దొర ఈ సంగతిని గ్రహించి, కచ్చేరీలలోను వాడుకలోను చేరిన అన్యదేశ్యములకై 1854లో మిశ్రభాషానిఘంటువును వేరుగ ప్రకటించెను. ఆ మాటలు ఉభయసీమలకును వచ్చినవి. వారికి ఎక్కువ కాలము, ఎక్కువ బలముగ వచ్చినవి. అంతియేకాదు, మేము మాటకొక ఇంగ్లీషుముక్క చొప్పున వాడుచు, అది నాగరకత యనియు, వారి షురూ, యాది, జల్ది మాత్రము సంకరమనియు తీర్పు చెప్పుట ఏ శాస్త్రము?

ఉర్దూ వారిపై కూర్చున్న విధము తెలియనివారే ఇట్లు నవ్వగలరు. నైజాము సంస్థానములో కచ్చేరీ ఉర్దూది, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూది. 1921లో హైదరాబాదున కార్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెనుగున మాటాడబోగా సభవారు గేలిచేసిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమునకు అంకురార్పణ జరిగినది. తమ ఊరిలో తమ భాషను పలికి గేలిపాలైనవారు తెనుగునకై గ్రంథాలయములు పెట్టిరి, సభలు పెట్టిరి, 1926లో గోలకొండ పత్రికను పెట్టిరి. అప్పుడు మనవైపు పండితుడొకడు నైజాము రాష్ట్రమున తెనుగు కవులు పూజ్యమని వ్రాసెను. పూజ్యమనగా సున్న. దానికి సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్టు వ్రాయలేదు. 354 మంది కవులను వెదకి పట్టి, 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చొత్తించిరి. విమర్శకు ప్రతివిమర్శ వ్రాయుటలో ఇంతకంటె ఘనమైన పద్ధతి మాకు తెలియదు.

ఆ ప్రతాపరెడ్డిగారే 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించిరి. 1955లో దానికి సాహిత్య అకాడమి బహుమానము వచ్చినది, తెనుగు గ్రంథములలో మొదటిది. దానిని చరిత్రగ మెచ్చినవారు పెక్కురు. మాకు అది విమర్శగ్రంథముగ గూడ గొప్పది. ప్రాచీనకావ్యములలో తిండి, ఆట, నగ, పనిముట్టు వచ్చినచోటనెల్ల నిఘంటుకారులు భక్ష్యవిశేషము, క్రీడావిశేషము అని వ్రాసి చేయి దులుపుకొనిరని ఆయన చిరాకుపడును. పిమ్మట ఆ మాట ఏ పల్లెలో నేటికిని బ్రతికియున్నదో అడిగి తెలిసికొని, కావ్యమునకు అర్థము చెప్పును. మేము చిన్ననాట కావ్యపాఠము చదివినప్పుడు ఈ ‘విశేషములు’ ఎన్నింటినో వల్లించితిమి. గురువుగారును విశేషమనియే చెప్పిరి, మేమును మా శిష్యులకు విశేషమనియే చెప్పితిమి. ఆ విశేషమేమో పొరుగూరి ముసలమ్మకు తెలియునని మాలో ఎవరికిని తోచలేదు.

వ్యావహారికోద్యమము ఈ దోషమును తీర్చలేదా యని చదువరులు అడుగవచ్చును. గిడుగు రామమూర్తి పంతులుగారిపై మాకు గల గౌరవము ఇంతింతయని చెప్పరానిది. వారి వాదము లేకున్నచో నేడు పత్రికలు చదువువారుండరు. (ఈ వ్యాసము వ్రాయుచున్న భాషను మాత్రము ఏ మండలమువారును మాటాడరు. చిన్ననాటి శిక్ష చేతినుండి పోలేదు. చదువరులు క్షమింతురు గాక.) అయినను వారు కోరినది శిష్టవ్యావహారికము. శిష్టుడెవడు అను ప్రశ్నకు ఆనాడు జవాబు సులభముగ దోచినది — చదువుకొన్నవాడు. చదువులు ముందుగ ఎచ్చట విస్తరించెనో, అచ్చులు ఎచ్చట నెలకొనెనో, ఆ కృష్ణా గోదావరీ తీరముల చదువుకొన్నవాని వాడుకయే కాలక్రమమున శిష్టమై కూర్చున్నది. ఇది ఎవరి కుట్రయు కాదు. కాని వ్యాకరణపు బెత్తము చేతులు మారినదే గాని విరిగిపోలేదు. పూర్వము వచ్చాడు అన్నవానిని వచ్చినాడనుమని దిద్దిరి. పిమ్మట ఆ దిద్దబడినవాడే బెత్తము పుచ్చుకొని వచ్చిండు అన్నవానిని వచ్చాడు అనుమని దిద్దెను. మేము దిద్దితిమి గదా!

నేడు గిడుగువారి జన్మదినమైన ఆగస్టు 29న ఆంధ్రులు భాషాదినము చేయుదురు. కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9న తెలంగాణమువారు చేయుదురు. ఒక భాషకు పదునొకండు దినముల ఎడముతో రెండు పండుగలు. వేడుకలు రెండైనను మాకు చింత లేదు. ఒక పండుగకు రెండవవారిని పిలువకపోవుటయే చింత.

ఇక సాహిత్యమునకు వత్తుము. సంస్కృతనాటకములలో రాజు సంస్కృతము మాటాడును, రాణియు చెలికత్తెలును శౌరసేని మాటాడుదురు, నీచపాత్రము మాగధి మాటాడును. మృచ్ఛకటికములోని శకారుడు నోరు తెరచినంతనే నవ్వు పుట్టును. వాని సకారము శకారమగుటయే హాస్యము. భరతుని నియమము చదివి, అది ఆ కాలపు ధర్మమని మనము పెద్దమనసుతో క్షమింతుము. మన చలనచిత్రములను చూడుడు. దశాబ్దములపాటు నాయకుడు బెజవాడ తెనుగు పలికెను. దుండగీడో, వంటవాడో, తాగుబోతో తెలంగాణమో ఉత్తరాంధ్రమో రాయలసీమయో పలికెను. ఇది శకారనీతి కాక మరేమి? భరతుడు ఏ పాత్రకు ఏ భాషయో ముందుగ చెప్పి వ్రాసెను. మనవారు చెప్పకయే పాటించిరి.

కథలలో ఇంకొక వింత యున్నది. పాలమూరు కథయో చిత్తూరు కథయో అచ్చుపడినచో పుట అడుగున మాటల అర్థములు వేయుదురు. కృష్ణాతీరపు కథకు వేయరు. ఆదిలాబాదు చదువరికి ఆవపెట్టిన కూర యేమో తెలియునని ఎవరు నిశ్చయించిరి? పాదసూచిక చిన్న అక్షరములలో నుండును గాని, ఇల్లెవరిదో, అతిథి యెవరో అదియే చెప్పును.

నియమమును దాటినవారు లేకపోలేదు. గురజాడవారి కన్యాశుల్కము విజయనగరపు తెనుగున నడచును. అందు అగ్నిహోత్రావధానులకొక పలుకు, రామప్పంతులుకొక పలుకు, మధురవాణికొక పలుకు, అసిరిగానికొక పలుకు. ఎవరి పలుకును మరియొకరి పలుకుకు వికారము కాదు. ఆ సీమను కంటితో చూడనివారు గూడ శతాబ్దమునకు పైగ దానిని చదివి ఆనందించుచున్నారు. మాండలికమున వ్రాసినచో ఇతరసీమలవారికి బోధపడదను వాదమునకు ఈ ఒక్క గ్రంథము చాలును. దాశరథి రంగాచార్యులవారి చిల్లర దేవుళ్ళులో సంభాషణలు దొరకు దొరగ, జీతగానికి జీతగానిగ వినబడును. ఇక పాకాల యశోదారెడ్డిగారు మరియొక అడుగు వేసిరి. ఆమె ఉస్మానియాలో తెనుగు ఆచార్యురాలు, తెనుగు హరివంశములపై పరిశోధించిన విదుషి. కావ్యభాష రాక పల్లెమాట వ్రాసినదని ఆమెను ఎవరు అనగలరు? మా ఊరి ముచ్చట్లులో పాత్రల నోట మాత్రమే కాదు, కథ చెప్పువారి నోటనే పల్లెతెనుగు. రాజశేఖరుడు సంస్కృతము వచ్చియు కర్పూరమంజరినంతయు ప్రాకృతమున వ్రాసినట్లు ఇది జరిగినది. కథ చెప్పు గొంతు మారినచో నవ్వువారును నవ్వబడువారును మారుదురు. ఆ ముచ్చట్లు చదువునప్పుడు శిష్టవ్యావహారికమే ఊరికి క్రొత్తగ వచ్చిన కచ్చేరి గుమాస్తావలె తోచును.

ఇది చూచి అనుకరించువారు బయలుదేరిరి. వాక్యమంతయు పత్రికాభాషలో నడపి నడుమ నడుమ గిట్ల, గట్ల, మస్తు అని చల్లినచో తెలంగాణము కాదు. ఆ సీమ తెనుగు క్రియాంతములలోను, ఊనికలోను, మాట మాటకు నడుమ నిలుపుటలోను ఉన్నది గాని నాలుగు పోపుగింజలలో లేదు. పూర్వము ఎగతాళికి వాడిన మాటలనే ఇప్పుడు అభిమానమునకు వాడుచున్నారు. వినుట మాత్రము అప్పుడును లేదు, ఇప్పుడును లేదు. అభిమానము ఎగతాళికంటె మేలే, కాని సాహిత్యమునకు చాలదు.

చదువులకు ఒక సమానమైన వ్రాతభాష వలదా యని మా తోటి ఉపాధ్యాయులు అడుగుచుందురు. వలయును. నూరు ఊళ్ళ పిల్లలు ఒక పుస్తకము చదువవలసినప్పుడు నూరు విధముల అచ్చువేయలేము. కాని సమానభాష యనగా ఒక ఇంటి వంటగదిని అందరి ఇండ్లలోను కట్టుట కాదు. 1962లో ఆంధ్రప్రదేశ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయమునుగూర్చినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణమున జిల్లాజిల్లా రైతులను అడిగి కూర్చినది. అందు ఒక పనిముట్టుకు ఇన్ని సీమలలో ఇన్ని పేర్లు ప్రక్కప్రక్కన నిలిచియుండును. ఏ పేరును తప్పని కొట్టివేసియుండరు, ఏ పేరునకును పీట వేసియుండరు. పాఠ్యపుస్తకము ఆ మార్గమున పోరాదా? ఉల్లిపాయ ప్రక్కన ఉల్లిగడ్డను నిలిపినచో పుట ఎంత పెరుగును?

మేము ఇటీవల తరగతిలో ఒక దళసరి లెక్కలపుస్తకమును తెరచి, ఇంట విన్న మాట బడిలో వినబడనిచో అందు వ్రాయుమని పిల్లలకు చెప్పితిమి. పుటకు రెండు గళ్ళు. ఏ గడికిని ‘ఒప్పు’ అని శీర్షిక పెట్టలేదు. మేము ఊహించినట్లు సరిహద్దు ఆవలి మాటలే కాదు, మా ఊరి మాటలే, ఒక వీధిలో ఉండి మరియొక వీధిలో లేనివి, పెక్కు చేరినవి. కొన్ని మేమే ఎరుగనివి. యారాలు అను మాటను ఒక బాలిక తన మేనత్త నోట విని తెచ్చినది. ఆనాడు మేము నిఘంటువు తెచ్చి ఏరాలును చూపగా ఆ పిల్ల దానిని ఇంటికి తీసికొనిపోయి అత్తకు చూపవచ్చునా యని అడిగినది. పుస్తకము రెండు దినములు తిరిగిరాలేదు.

ఒక చిక్కు మాత్రము మిగిలియున్నది. పదవతరగతి పిల్లవాడొకడు పరీక్షకు ముందు వచ్చి, ‘సార్, వ్యాసములో అర్ర అని వ్రాయనా, గది అని వ్రాయనా’ అని అడిగెను. అర్ర ప్రాచీనమైన ‘అఱ’యే, మంచి తెనుగు, వ్రాయవచ్చునని చెప్పుటకు నోరు తెరచితిమి. ఉత్తరములు దిద్దునది మేము కాదు. ఎచ్చటనో ఒక ఉపాధ్యాయుడు, గంటకు ఇన్ని చొప్పున కట్టలు దిద్దువాడు, ఎఱ్ఱసిరా కలము పట్టి కూర్చుండును. కొన్నేండ్ల క్రిందట మేము కూర్చున్నట్లే. గది యని వ్రాయుమని చెప్పితిమి.